ముందరి అర్రలో బెంగాలీ పిల్ల

మొన్న ఆదివారం మా మనుమరాలు ఇంగ్లీషు హోంవర్కు ముందేసుకుని కూర్చుంది. "లుక్ ఆఫ్టర్" అనే మాటకు అర్థం రాసి, సొంతంగా ఒక వాక్యం కూడా రాసుకుని రమ్మన్నారట. ఈ కాలం పిల్లలకు డిక్షనరీ తిరగేసే ఓపిక ఎక్కడిది? ఫోన్‌ను అడిగింది. అడగడంలో ఎక్కడ ఏం నొక్కిందో గానీ, ఫోన్ తెలుగులో చెప్పకుండా నెత్తి మీద గీతలున్న అక్షరాల్లో ఏదో చూపించింది. "అమ్మమ్మా, గీ ఫోన్‌కు పిచ్చి లేసింది. తెలుగుల అడిగితే బెంగాలీల చెప్తుంది" అని విసుక్కుంటూ పక్కనున్న బొమ్మను నొక్కింది. లోపలి నుంచి ఒక ఆడగొంతు నెమ్మదిగా పలికింది, "దేఖాశోనా కొరా" అని. చిక్కుడుకాయల ఈనెలు తీస్తున్న నా చేతులు ఆగిపోయాయి. "చూసుడు, వినుడు. అంటే ఒకల్ని అర్సుకొనుడు, మంచిచెడ్డ కనిపెట్టుకొనుడు" అన్నాను. పిల్ల నోరెళ్లబెట్టింది. "నీకు బెంగాలీ ఎట్లొచ్చు అమ్మమ్మా?" అంది. "వచ్చుడేంది, నేను ఇంగ్లీషు నేర్సుకున్నదే బెంగాలీల" అన్నాను.

నవ్వితే నవ్వండి, నిజం మాత్రం అదే. సిద్దిపేటలో పుట్టి, నంగునూరు అంగడి దాటి అవతలి లోకం చూడని పిల్ల, ఇంగ్లీషు మాటలకు బెంగాలీ అర్థాలు బట్టీ పట్టిందంటే అందుకు కారణం మా ఇంటి ముందరి అర్ర. అర్ర అంటే మా దిక్కు గది. అప్పటి మా ఇల్లు పెంకుటిల్లు. వీధివైపు ఒక అర్ర, దాని వెనక వాకిలి, అంటే పైకప్పు లేని నడిమి జాగ, వాకిలికి ఇవతల మేముండే ఇల్లు. తాతకు చూపు ఆనినన్నాళ్లు ముందరి అర్రలో మగ్గం ఆడేది. తాత మగ్గం దిగాక చిన్నాయినలిద్దరూ భివండి మిల్లులకు పోయారు, బాపు మగ్గం విప్పేసి బజార్లో చిన్న బట్టల దుకాణం పెట్టుకున్నాడు, అర్రను కిరాయికివ్వడం మొదలుపెట్టాడు. మగ్గం పోయినా బాపమ్మ రాట్నం మాత్రం పోలేదు. బాపమ్మ అంటే మా బాపును, అంటే నాయనను, కన్న తల్లి. పొద్దున్నే ఇత్తడి గ్లాసులో చాయ్ తాగి, వసారాలో రాట్నం ముందు కాళ్లు చాపి కూర్చుని, ఎవరి మగ్గానికో కండెలు చుట్టిచ్చేది. ఆమె దగ్గర ఎప్పుడూ గంజి వాసన, నానిన నూలు వాసన, నోట్లోని పోకచెక్క వాసన కలిసి వచ్చేవి. చేతులు నూలు మీద, చెవులు ఊరి మీద. వీధిలో ఎవరు పోయినా రాట్నం ఆపకుండానే ఎటు పోతున్నారో, ఎందుకు పోతున్నారో, పోతే ఏం లాభమో అడిగేది. ఇంట్లో ఆమె మాటకు ఎదురు లేదు. బాపు దుకాణంలో షావుకారే గానీ, గడప లోపలికొస్తే బాపమ్మ కొడుకు, అంతే.

ఆ అర్రలోకి ఒకసారి బెంగాలీ డాక్టరు దిగాడు. తెలంగాణ ఊళ్లలో ఉన్నవాళ్లకు బెంగాలీ డాక్టరంటే విడమరచి చెప్పనక్కర్లేదు. మొలలు, లూటీలనే భగందరాలు, ఆపరేషన్ లేకుండా నయం చేస్తామని పసుపు రంగు బోర్డు వేసుకుని, ఎక్కడో గంగ అవతల నుంచి వచ్చి మన బజార్లో కుర్చీ వేసుకునే మనిషి. మా డాక్టరు సన్నగా, పొడుగ్గా, ఎప్పుడూ ఇస్త్రీ చొక్కాతో ఉండేవాడు. ఒకరోజు నంగునూరు అంగడికి, ఒకరోజు గజ్వేలుకు, మిగిలిన రోజులు సిద్దిపేటలో. ఆయన వెంట కొత్త పెళ్లికూతురు మినతి. చేతులకు తెల్లటి శంఖం గాజులు, పాపిట్లో చారెడు సింధూరం, పెద్ద పెద్ద కళ్లు. తెలుగు ఒక్క ముక్క రాదు. హిందీ వచ్చీరానట్టు వచ్చు. మా బాపమ్మ ఉర్దూ కూడా అటువంటిదే కాబట్టి ఇద్దరికీ బాగానే కుదిరిందనుకున్నాం. మొదటి సాయంత్రమే అంతా చెడింది.

దీపాలు పెట్టే వేళ ముందరి అర్రలోంచి భోంమని శంఖం మోగింది. ఒకసారి కాదు, ఆగి ఆగి మూడుసార్లు. మా దిక్కు శంఖం ఊదేది పీనుగ లేచినప్పుడే. బాపమ్మ చేతిలోని కండె జారి వాకిట్లోకి దొర్లింది. "ఎవ్వలు పోయిన్రే? ఎవ్వలింట్లనే?" అని లేచి పరుగెత్తింది. పోయి చూస్తే మినతి దేవుడి పటం ముందు శంఖం పట్టుకుని నిలబడి ఉంది. బాపమ్మ కళ్లెర్రజేస్తే, ఆ పిల్ల శంఖం వెనక్కి దాచుకుని, రోజూ సాయంత్రం శంఖం ఊదితే ఇంట్లోకి లక్ష్మి వస్తుందని వచ్చీరాని హిందీలో చెప్పింది. "మీ లక్ష్మికి చెవుడా ఏంది? మెల్లగ పిలిస్తె రాదా?" అంది బాపమ్మ. ఆ తర్వాత ఆవనూనె వాసన మీద ఒక పంచాయితీ, చేపల పులుసులో చక్కెర వేస్తుందని తెలిసి ఇంకో పంచాయితీ. కానీ కొత్త పిల్లను గట్టిగా తిట్టడానికి బాపమ్మకు మనసొప్పలేదు. మెల్లగా ఊదుకోమని శంఖానికి ఒప్పుకుంది. ఆ ఒప్పుకోలు తర్వాత కూడా రోజూ సాయంత్రం శంఖం మోగగానే బాపమ్మ ఉలిక్కిపడి, "మల్ల మొదలువెట్టింది" అని గొణిగేది.

అంగడికి పోయే రోజు డాక్టరు సంచి భుజానికేసుకుని, వాకిట్లోకి వచ్చి, బాపమ్మకు రెండు చేతులెత్తి దండం పెట్టి, "అమ్మా, ప్లీజ్ లుక్ ఆఫ్టర్" అని మినతి వైపు చూపించి పోయేవాడు. పెద్దవాళ్లతో ఇంగ్లీషులో మాట్లాడితే మర్యాద అని ఆయన నమ్మకం. "ఏమంటుండే గీనె?" అని బాపమ్మ నన్నడిగింది. నేనప్పుడు ఆరో తరగతి. ఏబీసీడీలు దాటి ఇంకా ఊపిరి తీసుకోలేదు. "లుక్ అంటె చూచుట, ఆఫ్టర్ అంటె తర్వాత. తర్వాత చూస్తనంటుండు బాపమ్మా" అన్నాను. "ఏం చూస్తడట తర్వాత? నా మొగమా?" అంది బాపమ్మ. గడపలో నిలబడ్డ మినతికి మా మాటలు ఎంత అర్థమయ్యాయో గానీ, కిలకిలా నవ్వింది. మా ఇంటికొచ్చాక ఆ పిల్ల నవ్వడం అదే మొదటిసారి. నన్ను రమ్మని సైగ చేసి, "కితాబ్ లావ్" అని పుస్తకం తెమ్మంది.

అట్లా మొదలైంది నా ఇంగ్లీషు చదువు. మినతి వాళ్ల ఊళ్లో పదో తరగతి పాసైందట. వాళ్ల బడిలో ఇంగ్లీషు మాటలకు బెంగాలీ అర్థాలు పాట పాడించినట్టు పాడించి నేర్పేవారట. ఆ పిల్లకు తెలుగు రాదు గనుక, తనకు నేర్పినట్టే నాకు నేర్పింది. సాయంత్రం బడి నుంచి రాగానే ఇద్దరం చాప మీద కూర్చుని, మరమరాలలో పచ్చిమిరపకాయ, ఉల్లిగడ్డ, ఆవనూనె కలుపుకుని తింటూ, "గెట్ అప్, ఓఠా. గివ్ అప్, ఛేడే దేవా. లుక్ ఆఫ్టర్, దేఖాశోనా కొరా" అని ఊగుతూ చదివేవాళ్లం. ఆ మరమరాల ఘాటు ఇప్పటికీ నా ముక్కులో ఉంది. అవతల రాట్నం గిర్రున తిరుగుతుండేది. పరీక్షలో కూడా నేను అట్లాగే రాశాను, తెలుగు అక్షరాల్లో, బెంగాలీ అర్థాలు. సారు నన్ను నిలబెట్టి, "ఏం భాషమ్మా ఇది?" అన్నాడు. "బెంగాలీ సార్" అన్నాను. "తెలుగుల రాయమన్న గద?" అన్నాడు. "తెలుగుల మాకింకా చెప్పలేదు సార్" అన్నాను. సారు ముఖం చేతులతో మూసుకున్నాడు. నవ్వాడో ఏడ్చాడో తెలియదు.

ఆ దేఖాశోనా అన్న మాటను మాత్రం రాట్నం దగ్గరి నుంచి బాపమ్మ పట్టుకుంది. "ఆగే, ఆగు. దేఖ్‌నా అంటె సూసుడు. సున్‌నా అంటె ఇనుడు. రెండు గలిపితె అర్సుకొనుడా?" అంది. మినతి తల ఊపింది. బాపమ్మ తెగిన నూలు పోగు ముడివేసుకుంది. "మంచిగనే చెప్పిన్రు మీవోళ్లు. సూసినోళ్లందరు అర్సుకుంటరా? ఇనాలె. ఇంటెనే ఎరుకైతది" అంది. అసలే వినికిడికి ఏం తక్కువ లేని మనిషి. ఇప్పుడు దానికి ఇంగ్లీషు వాళ్ల అనుమతి, బెంగాలీ వాళ్ల అనుమతి రెండూ దొరికాయి. ముందరి అర్రలో గిన్నె జారితే "ఏమైందే?" అనేది. దగ్గితే శొంఠి పంపేది. స్టౌకు గాలి కొడుతున్న చప్పుడు పొద్దెక్కినా వినబడకపోతే, "గాపిల్ల ఇంక పొయ్యి ముట్టియ్యలేదు, పోయి సూసి రా పో" అని నన్ను తరిమేది. మా అమ్మకు ఇది కొంచెం కోపంగానే ఉండేది. "ఇరవై ఏండ్ల సంది దగ్గుతున్న, నాకు గింత శొంఠి లేదు" అని నా చెవిలో అనేది.

మినతికి నెల తప్పిన సంగతి కూడా బాపమ్మే ముందు కనిపెట్టింది. పొద్దున పూట వాకిట్లో వాంతి చప్పుడు విని, "ఇగ డాక్టరుకు చెప్పురి, ఆయనకింక తెల్సినట్టు లేదు" అంది. డాక్టరుకు నిజంగానే తెలియదు. ఇంట్లో అందరం సంతోషపడ్డాం. చింతకాయ తొక్కు పంపాం, దోసకాయ పచ్చడి పంపాం. నెలలు నిండుతున్న కొద్దీ బాపమ్మ ముఖం మాత్రం ముడుచుకుపోవడం మొదలైంది. కారణం మా అందరికీ తెలుసు, పైకి ఎవరూ అనలేదు. కిరాయి ఇంట్లో పీనుగ లేవొద్దు, పురుడు పొయ్యొద్దు అన్నది మా దిక్కు ఇంటి ఓనర్ల పద్ధతి. కిరాయిదారు ఇంటి ఆడమనిషి కడుపుతో ఉంటే ఏడో నెల పడగానే తల్లిగారింటికి పంపాలి, లేదా ఇల్లు ఖాళీ చెయ్యాలి. ఇంటి యజమానికి ఆ పురుడు అచ్చిరాదంటారు. అంతకు ముందు కిరాయికున్నవాళ్ల కాన్పు ఆ అర్రలోనే అయింది, ఆ ఏడే తాత పోయాడు. ఆ రెండింటికీ ఏం సంబంధమని బాపమ్మను అడిగే ధైర్యం మా ఇంట్లో ఎవరికీ లేదు.

మినతి తల్లిగారిల్లు రెండు రోజుల రైలు ప్రయాణం, దిగాక పడవ. తల్లికి ఉబ్బసం, మంచం దిగదు. తండ్రి లేడు. పైగా మా ఇంటికి రాకముందే ఒక కడుపు నిలవలేదట. దవాఖాన నర్సమ్మ ఇంటికొచ్చి చూసి, "రైలు మాట దేవుడెరుగు, గజ్వేల్ బస్సు గూడ ఎక్కొద్దు. ఎక్కితె పిల్ల దక్కదు, తల్లికి గూడ భయమే" అని కచ్చితంగా చెప్పింది. డాక్టరు అంగళ్లు మానుకుని ఊరంతా ఇల్లు వెతికాడు. నెలలు నిండిన మనిషికి ఇల్లెవరిస్తారు? ఆవలి గల్లీ, ఈవలి గల్లీ, అందరిదీ ఒకటే మాట. కాన్పయ్యాక రండి, ఇస్తాం. బాపు ఒకపూట అన్నం తింటూ ధైర్యం చేసి, "అవ్వా, పోనియ్ రాదె. చిన్నపిల్ల" అన్నాడు. "నీ అయ్య పోయినప్పుడు నువ్వేమన్నవ్‌రా? గా పురుడే కొట్టిందన్నవా లేదా?" అంది బాపమ్మ. బాపు పెరుగన్నం కలుపుకున్నాడు. డాక్టరు తానే డాక్టరు గదా అని అమ్మ ఆశపడి, "మీ బజారు దవాఖానల మీరే కాన్పు చేస్తె కాదా?" అని అడిగించింది. "నేను మొలల డాక్టరును చెల్లెమ్మా" అని ఆయన తల దించుకున్నాడు. పెద్ద దవాఖానలో కాన్పయినా సరే, బిడ్డను ఎత్తుకుని రావలసింది మళ్లీ ఈ అర్రకే, పురుడు కడగవలసింది ఇక్కడే. అందుకే ఆ దారీ మూసుకుంది.

ఒక సాయంత్రం దీపాల వేళ దాటినా శంఖం మోగలేదు. బాపమ్మ రాట్నం ఆపింది. మళ్లీ తిప్పింది. మళ్లీ ఆపింది. "గియ్యాల్ల శంఖం ఊదలేదేందే?" అంది. ఊదితే తిట్టే మనిషి, ఊదలేదని లేచి, నా భుజం పట్టుకుని వాకిలి దాటింది. అర్రలో మినతి కింద కూర్చుని ట్రంకుపెట్టెలో చీరలు సర్దుతోంది. దేవుడి పటాలు కూడా గుడ్డలో చుట్టేసింది. శంఖం కూడా అందులోనే. "ఎటు పోతున్నవ్?" అంది బాపమ్మ. "మా దగ్గర, మాసీమా" అంది మినతి, అప్పటికి పట్టుబడ్డ నాలుగు తెలుగు ముక్కల్లో. మా అంటే వాళ్ల భాషలో అమ్మ, మాసీమా అంటే పిన్నమ్మ. పెద్దవాళ్లను అట్లాగే పిలుస్తారు. "రైలెక్కద్దన్నది గద నర్సమ్మ?" అంటే, "ఇల్లు లేదు మాసీమా. ఎక్కడ?" అని రెండు చేతులు చాపింది. ఆ తర్వాత "డర్ లగ్‌తా" అని, భయమేస్తోందని తన కడుపు మీద చెయ్యి వేసుకుని, చిన్నపిల్లలా వెక్కి వెక్కి ఏడ్చింది. నేను కూడా ఏడ్చాను.  బాపమ్మ అక్కడే చతికిలబడింది. తర్వాత పెట్టె మూత దబ్బున వేసి, "రేపటిదాంక ఆగు" అని లేచి వచ్చేసింది.  ఆ పూట అన్నం సరిగా తినలేదు.

పొద్దున్నే తలస్నానం చేసి, జుట్టు ముడి వేసుకుంటూ అమ్మను పిలిచింది. "బియ్యంల పసుపు కలుపు. కుడుకలు, ఖర్జూరాలు, పోకలు తియ్యి. ఒడిబియ్యం పోద్దాం." ఒడిబియ్యం అంటే పుట్టింటివాళ్లు ఆడబిడ్డ ఒడిలో పసుపు బియ్యం పోసి చీరె పెట్టే పద్ధతి. అమ్మ బిత్తరపోయింది. "ఎవ్వలకత్తా? మనింట్ల ఆడిబిడ్డలెక్కడున్నరు?" అంది. "ముందరర్రల లేదా?" అంది బాపమ్మ. "గామె కిరాయిదారు గద!" "గదే చెప్తున్న. కిరాయిదారు పురుడు మనింట్ల అయితె తప్పు. బిడ్డ తొలుసూరు పురుడు తల్లిగారింట్ల కాకపోతె తప్పు. ఒడిబియ్యం పోస్తె గిది ఆమె తల్లిగారిల్లయితది. గింతే గద, దీనికి గింత సోంచాయించుడెందుకు?" దుకాణానికి బయలుదేరుతున్న బాపు గుమ్మంలో ఆగి, "గట్ల చేస్తె నడుస్తదా అవ్వా?" అన్నాడు. "ఇన్నేండ్ల సంది నడుస్తున్న పద్ధతులన్ని నేను చెప్పినయే. గిది గూడ నేనే చెప్తున్న, నడుస్తది" అంది. బాపు చెప్పులు విడిచి లోపలికొచ్చాడు. ఆ రోజు దుకాణం తెరవలేదు.

పీటలేసి మినతిని, డాక్టరును కూర్చోబెట్టారు. పక్కింటి ఒకామె చూడవచ్చి, నెలలు నిండిన చూలాలికి ఒడిబియ్యం పోస్తారా అని మూతి తిప్పితే, "పోసేదాన్ని నేను, పోయించుకునేది నా బిడ్డ. నడుమ నీ సోది ఏంది?" అని బాపమ్మ నోరు మూయించింది. పెట్టెలోంచి తాత నేసిన గొల్లభామ బొమ్మల చీర తీసి మినతికి పెట్టింది. తాత చేతి చివరి చీరల్లో అది ఒకటి, అమ్మకు కూడా ఇవ్వలేదు. దోసిలి నిండా పసుపు బియ్యం తీసుకుని మినతి ఒడిలో పోస్తుంటే బాపమ్మ కన్నీళ్లు ఆ బియ్యంలో రాలాయి. "ముగ్గురు కొడుకుల్ని కన్న. ఊళ్లె అందరు తమ బిడ్డలకు ఒడిబియ్యం పోస్తుంటె పేరంటానికి పోయి సూసొచ్చుడే గాని, నా చేతులతోని పోసుడు గిదే మొదలు" అంది, ఎవరితోనో కాదు, తనలో తనే అన్నట్టు. ఆమెకు ఆడపిల్ల లేదన్న బెంగ ఉందని నాకు అప్పటిదాకా తెలియదు. మినతికి ఆ మాటలు అర్థం కాకపోయినా ఆ కన్నీళ్లు అర్థమయ్యాయి. సంతోషం పట్టలేక, వాళ్ల ఊరి అలవాటు కొద్దీ నాలుక ఆడిస్తూ గొంతెత్తి "ఉలులులులు" అని కూసింది. బాపు అదిరిపడి గోడకు కొట్టుకున్నాడు. "మంచిదే, మంచిదే" అంది బాపమ్మ, తాను కూడా కొంచెం భయపడి.

ఆ రోజు నుంచి మినతి మా ఇంటి లోపలి అర్రలోకి మారింది. డాక్టరుకు అల్లుడి హోదా వచ్చింది. దానితో పాపం ఆయనకు ఇంకో కష్టం కూడా వచ్చింది. మా దిక్కు అత్త అల్లుడితో ముఖాముఖి మాట్లాడదు. నిన్నటిదాకా ఆయనను పేరు పెట్టి, ఊరు పెట్టి తిట్టిన బాపమ్మ, ఇప్పుడు ఆయన వాకిట్లోకి రాగానే కొంగు నెత్తి మీదికి లాక్కుని, గోడ వైపు తిరిగి, "అల్లునికి చెప్పవే, కాళ్లు కడుక్కోని అన్నానికి రమ్మను" అని నాతో చెప్పేది. ఆయన కూడా నాతోనే, "అమ్మకు చెప్పు, వస్తున్న" అనేవాడు. మధ్యలో నేను అటూ ఇటూ తిరగలేక చచ్చేదాన్ని. మినతికి పొద్దున జొన్న గటక, మధ్యాహ్నం కారప్పొడి వెల్లుల్లి వేసిన అన్నం, సాయంత్రం వాకిట్లో నడక. చేపల పులుసులో చక్కెర మాత్రం బాపమ్మ చచ్చినా వెయ్యనివ్వలేదు.

నొప్పులు పొద్దున్నే మొదలయ్యాయి. బాపమ్మ, నర్సమ్మ లోపల; బాపు, డాక్టరు వాకిట్లో. డాక్టరు కూర్చుని లేస్తూ, లేచి కూర్చుంటూ, మొలల మందు సంచి ఎందుకో ఒళ్లో పెట్టుకున్నాడు. లోపలి నుంచి మినతి "మా గో, మా గో" అని అరుస్తుంటే, "ఈడ్నే ఉన్న బిడ్డా, ఈడ్నే ఉన్న" అని బాపమ్మ గొంతు వినబడేది. ఆ పిల్ల పిలిచింది కన్నతల్లినో ఈమెనో ఎవరికి తెలుసు, పలికింది మాత్రం ఈమే. ఎండ వాకిట్లోకి దిగేసరికి ఆడపిల్ల పుట్టిందని నర్సమ్మ బయటికొచ్చి చెప్పింది. బిడ్డ పుడితే శంఖం ఊదడం వాళ్ల ఆచారమట. డాక్టరు ఏడుస్తూనే శంఖం తీసుకుని ఊరంతా వినబడేటట్టు ఊదాడు. ఇంకేముంది, గల్లీ గల్లీ కదిలి వచ్చింది. ఆడవాళ్లు కొంగులు నోటికి అడ్డం పెట్టుకుని, మగవాళ్లు తువ్వాళ్లు భుజాన వేసుకుని, "అయ్యో, ఎప్పుడు పోయింది ముసల్ది? నిన్న మంచిగనే ఉండె గద" అంటూ వాకిట్లోకి వచ్చారు. ఎదురుగా బాపమ్మే నిలబడి ఉంది, చేతిలో వేణ్నీళ్ల గిన్నెతో. "నేనెక్కడికి పోలె. మనుమరాలొచ్చింది, నోరు తీపి చేసుకోని పోరి" అంది. ఆ పురుడు మేమందరం పట్టాం. శుద్ధి అయ్యేదాకా బాపు గుడి మెట్లు ఎక్కలేదు, దేవుడి ముందు దీపం పెట్టలేదు. ఆ ఏడు మా ఇంట్లో ఎవరికీ ఏమీ కాలేదు. బాపుకు దుకాణం కలిసొచ్చింది కూడా. కిరాయి ఇంటి పురుడు మాట బాపమ్మ మళ్లీ ఎప్పుడూ ఎత్తలేదు.

ఇప్పుడు ఆ పెంకుటిల్లు లేదు. ఆ జాగలో నాలుగంతస్తుల బిల్డింగు లేచింది, రెండో అంతస్తులో మేముంటున్నాం. గేటు దగ్గర కెమెరా ఉంది, మెట్ల మీద కెమెరా ఉంది, లిఫ్టులో కూడా ఒకటి ఉంది. ఎవరు వచ్చారో, ఎవరు పోయారో ఫోన్‌లోనే కనబడుతుంది. చూడడానికి ఏం తక్కువ లేదు. పోయిన నెలలో మా పై అంతస్తు ఆమె జ్వరంతో మూడు పూటలు పొయ్యి వెలిగించలేదట. ఆమె లేచి తిరిగాక లిఫ్టులో కలిసి చెబితే తెలిసింది. నాకు సిగ్గేసింది, కోపమూ వచ్చింది, నా మీద కొంచెం, ఈ మందపాటి గోడల మీద కొంచెం. అప్పుడంతా బంగారం, ఇప్పుడంతా మట్టి అని నేను అనను. ఆ రోజుల్లో కడుపుతో ఉన్న పిల్లకు ఊరంతా ఇల్లు లేదన్నవాళ్లూ మావాళ్లే గదా. ఇప్పుడు నిండు చూలాలినైనా ఇల్లు ఖాళీ చెయ్యమని ఎవరూ అనరు, అది మంచిదే. కానీ ఒడిబియ్యం పోసి బిడ్డను చేసుకునేవాళ్లూ లేరు. మినతి వాళ్లు కొన్నేళ్లకు కరీంనగర్ దిక్కు మారిపోయారు. బాపమ్మ పోయినప్పుడు వచ్చి, కూతురి వరుసలో నిలబడి, మా అందరికంటే గట్టిగా ఏడ్చింది. అయితే ఆమె తలపుకొస్తే నాకు గుర్తొచ్చేది ఆ ఏడుపు కాదు, అంతకు ముందరిది ఒకటి.

పాప నవ్వడం నేర్చిన నెలలో, బాలింతను అత్తగారింటికి పంపే రోజు వచ్చింది. తల్లిగారింటి నుంచి బిడ్డను ఉత్తచేతులతో పంపరు. బాపమ్మ సకినాలు, గరిజెలు, అరిసెలు చేయించి గంపకెత్తింది. తొట్టెల, కొత్త బట్టలు, పాపకు వెండి కడియాలు. డప్పు కూడా పెట్టిద్దామంటే, "వాకిలి దాటనీకి డప్పెందుకే అవ్వా?" అని బాపు చేతులు జోడించాడు. అవును మరి, మినతి అత్తగారిల్లు ఏది? వాకిలికి అవతల ఉన్న ముందరి అర్రే. డాక్టరు అక్కడ తలుపు దగ్గర హారతి పళ్లెం పట్టుకుని, అత్తా తానే, మామా తానే అయి నిలబడ్డాడు. ఇక్కడ మినతి గొల్లభామ చీర కట్టుకుని, పాపను ఎత్తుకుని, బాపమ్మ కాళ్లకు మొక్కింది. బాపమ్మ స్తంభం పట్టుకుని ఏడుపు అందుకుంది. ఆమె ఏడుస్తుంటే అమ్మ ఏడ్చింది, మినతి ఏడ్చింది, ఎందుకో తెలియక పాప కూడా ఏడ్చింది. నాకు నవ్వొచ్చింది. "గీడికె గద బాపమ్మా పోయేది? గా అర్రలకే. గింత ఏడుపేంది?" అన్నాను. "నీకేం తెల్సే? గీడికైతేంది, గాడికైతేంది, పంపుడు పంపుడే" అంది.

మినతి వాకిట్లోకి దిగింది. సగం దూరం పోయి ఆగింది. "ఎనుకకు సూడకు బిడ్డా, సూడొద్దు" అని బాపమ్మ అరిచింది. మినతి చూడలేదు. అటు ముఖం పెట్టుకునే, తెలుగులో, తప్పు లేకుండా, "అమ్మా, పోయొస్త" అంది. "పోయి రా బిడ్డా" అంది బాపమ్మ. హారతి అయింది, పసుపు నీళ్లు చల్లారు, అర్ర తలుపు దగ్గరికి పడింది. వాకిలి నిండా అక్షింతలు, పూల రెక్కలు, సకినాల పొడి. అమ్మ కళ్లు తుడుచుకుని, అలవాటు కొద్దీ చీపురందుకుంది. "ఆగు" అంది బాపమ్మ. "బిడ్డ బైలెల్లంగనే ఇల్లూడుస్తరా ఎవ్వలన్న? చేరనియ్." మా దిక్కు ఎవరైనా ప్రయాణమై పోతే, వాళ్లు ఊరు చేరేదాకా ఇల్లు ఊడవరు. చేరింది గద అత్తా, గా తలుపెనుకనే ఉన్నది అని అమ్మ అనొచ్చు. అనలేదు. చీపురు మూలకు పెట్టి, బాపమ్మ పక్కన వచ్చి కూర్చుంది. ఆ రోజు మా వాకిలి పొద్దుగూకేదాకా ఎవరూ ఊడవలేదు.